పిల్లల చేతిలో కెమెరా ఉండనివ్వండి

మా నర్సింగ్ స్కూలు ఆఫీసులో బీరువా పక్కన ఒక చెక్కపెట్టె ఉండేది. దానికి నలభై అరలు. ఉదయం డ్యూటీకి వెళ్లేముందు విద్యార్థినులు తమ సెల్‌ఫోన్లు అందులో పెట్టి, సాయంత్రం వచ్చి తీసుకునేవారు. ఆ పెట్టె చేయించింది నేనే. వడ్రంగికి దగ్గరుండి కొలతలు చెప్పింది కూడా నేనే. ఈమధ్య జరిగిన స్టాఫ్ మీటింగులో ఆ పెట్టె సంగతి మళ్లీ వచ్చింది. పిల్లలు వీడియోల పిచ్చిలో పడిపోతున్నారు, వార్డులోనే కాదు హాస్టల్లో కూడా ఫోన్లు తీసేసుకోవాలి అని ఎక్కువమంది అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను వద్దన్నాను. "మేడమ్, మీరేనా ఈ మాట అంటున్నది?" అని ఒక ట్యూటర్ నవ్వింది. నేను మాట ఎందుకు మార్చానో ఆ రోజు టైము చాలక సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఆ పెట్టె ఎందుకు చేయించానో చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆస్పత్రిలో రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన యువకుణ్ణి రాత్రివేళ క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. మేము చేయగలిగినదంతా చేశాము, ప్రాణం నిలవలేదు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకు ఈ కబురు ఎలా చెప్పాలా అని డాక్టరుగారూ నేనూ తలుపు దగ్గర నిలబడి అనుకుంటుండగానే వరండాలోంచి కేక వినిపించింది. ఆమె తమ్ముడి ఫోనుకు వీడియో అప్పటికే వచ్చేసింది. స్ట్రెచర్ మీద ఆ అబ్బాయి, నెత్తురు, మా చేతులు, అన్నీ అందులో ఉన్నాయి. తీసింది రెండో సంవత్సరం విద్యార్థిని. చెడ్డపిల్ల కాదు. "హెల్మెట్ పెట్టుకోమని జనానికి చెబుదామని తీశాను మేడమ్" అని ఏడ్చింది. ఆ మాట అబద్ధమని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ భర్త పోయిన సంగతి ఆ ఇల్లాలికి ఫోనులో తెలిసింది. ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఈ స్కూలుకు వచ్చిన మొదటి నెలలోనే పెట్టె చేయించాను.

ఇక నా మనసు మారిన సంగతి. 2022 ఆగస్టులో, నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో, ఒక కౌలు రైతును ఆటోలో తీసుకొచ్చారు. గట్టు మీద రక్తపింజరి కరిచింది. కరిచి నాలుగు గంటలయింది. మోకాలి కింద ప్లాస్టిక్ తాడుతో ఎంత గట్టిగా బిగించారంటే తాడు కండలోకి దిగిపోయింది. కాటు చుట్టూ బ్లేడుతో నాలుగు గాట్లు. ఆ గాట్లలోంచి నెత్తురు కారుతూనే ఉంది. గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డ కట్టలేదు, నీళ్లలా ఉంది. యాంటీవీనమ్ ఎక్కించారు. మనిషి దక్కాడు, కాలు దక్కలేదు. మోకాలి కింద తీసేయవలసి వచ్చింది.

ఆ తాడు కట్టింది, గాట్లు పెట్టింది ఆయన కొడుకు. పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతున్నాడు. ఆపరేషన్ జరుగుతుండగా నా దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు. "ఇందులో ఇలాగే చెయ్యమన్నారు సిస్టరమ్మా" అన్నాడు. చూశాను. ఎవరో ఒకాయన తెల్ల కోటు వేసుకుని, తాడు బిగించి కట్టాలి, గాటు పెట్టి విషపు రక్తం పిండెయ్యాలి అని ధీమాగా చెబుతున్నాడు. వెనకాల సంగీతం. కింద లక్షల మంది చూసినట్టు అంకె. మన సినిమాల్లో హీరో నోటితో విషం పీల్చి ఉమ్మేసే దృశ్యాలు చూస్తూ పెరిగిన వాళ్లం మనం. ఇది దాని తమ్ముడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా దగ్గర పాముకాటు మీద ఫ్లిప్ చార్టు ఉంది. చక్కగా లామినేషన్ చేయించి అల్మారాలో పెట్టుకున్నాము. ఏడాదికి రెండుసార్లు కమ్యూనిటీ పోస్టింగులో బయటికి తీస్తాము. ఆ అబ్బాయి దాన్ని ఏనాడూ చూడలేదు, చూసే అవకాశమూ లేదు. తండ్రి గట్టు మీద పడిపోయి ఉన్నప్పుడు వాడి చేతిలో ఉన్నది ఫోను. ఆ ఫోనులో ఉన్నది ఆ తెల్లకోటు మనిషి. మేము అక్కడ లేము. మా పిల్లల ఫోన్లేమో చెక్కపెట్టెలో ఉన్నాయి.

పాముకాటు చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన పరిశోధన లెక్కకట్టింది. అంటే సగటున ఏడాదికి 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల ఉంది. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే వానాకాలం సేద్యం రోజుల్లోనే. పోయిన వారిలో నాలుగో వంతుకు మించి పదిహేనేళ్లలోపు పిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని మన కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఇవన్నీ మంచివే. కానీ గట్టు మీద మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో ఆ ఇంటి కుర్రవాడికి తెలియకపోతే ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది.

మూడో సంవత్సరం విద్యార్థినులు నలుగురు వచ్చి, "మేడమ్, మనమే ఒక వీడియో తీద్దాం" అన్నారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. ఆ కుర్రవాడు కూడా తన సంగతి కెమెరా ముందు చెబుతానన్నాడు. పిల్లలు సంబరపడ్డారు, ఇంతకంటే మనసుకు తగిలే మాట ఏముంటుంది అని. నాకు ఆ పాత వరండా గుర్తొచ్చింది. వాడికింకా పద్దెనిమిది నిండలేదు. బాధలో ఉన్న పిల్లవాడు ఇచ్చే అనుమతి అనుమతి కాదు. తండ్రిని అడగమన్నాను. ఆయన మంచం మీద చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. తరవాత, "నా కాలు చూపించండమ్మా, నా మొహం చూపించినా పర్లేదు. మావాడి మొహం మటుకు చూపించకండి. రేపు పెళ్లీడుకొచ్చినా ఊళ్లో వాణ్ణే అంటారు" అన్నాడు. మా వాళ్లెవరికీ తట్టని మాట అది.

అలాగే తీశారు. మూడు నిమిషాల వీడియో. పొలం గట్టు మీద తీశారు. కాలు పోయిన రైతు కట్ట మీద కూర్చుని తనే చెబుతాడు. తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, పీల్చవద్దు, పామును వెతుకుతూ కూర్చోవద్దు. కరిచిన కాలు కదలకుండా చెక్కో కర్రో ఆసరా పెట్టి గుడ్డతో వదులుగా కట్టాలి. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. మనిషిని నడిపించకూడదు. 108కి ఫోను చేసి, ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో పడుకోబెట్టి, యాంటీవీనమ్ ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాలి. అంతే. సంగీతం లేదు. పక్కపొలంలో ట్రాక్టరు చప్పుడు మాత్రం వినబడుతుంది, అది తీసేయడం పిల్లలకు చేతకాలేదు. నాకు అదే బాగుంది.

మొదటిసారి తీసినప్పుడు వాళ్లు నిలబడి, కూర్చున్న ఆయన్ను పైనుంచి తీశారు. చూస్తే ఏదో విచారణ జరుగుతున్నట్టుంది. అప్పుడు నాకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల సంగతి జ్ఞాపకం వచ్చింది. చదువుకోని దళిత మహిళలు, చిన్న రైతులు, అక్కడ వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో తమ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల మీద వాళ్లు తీసిన చిత్రాలు దేశదేశాల్లో చూపించారు. 2008లో సంఘం రేడియో కూడా ప్రారంభించారు. మనుషుల్ని పైనుంచి కిందికి చూస్తూ తీసే దృశ్యానికి వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉంచి తీసేది సంఘం షాట్. ఏ సినిమా స్కూలూ ఇంత బాగా చెప్పదు. ఈ మాట చెప్పగానే మా పిల్లలు చెప్పులు విప్పి బురదలో కూర్చుని మళ్లీ తీశారు. ఆ తర్వాత వార్డులో కూడా వాళ్లు రోగి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడటం నేను గమనించాను. ముప్ఫై ఏళ్లుగా నేను నోటితో చెప్పి చేయించలేకపోయిన పని ఇది.

వీడియో తీయడంతో పని అయిపోలేదు. నిజానికి అక్కడే మొదలైంది. 2023 జూన్‌లో ఒక ఊళ్లో బడి గోడకు దుప్పటి కట్టి, బడివాళ్ల ప్రొజెక్టరుతో చూపించాము. అయిపోగానే వెనకనుంచి ఒక పెద్దావిడ, "మరి మంత్రం సంగతేమిటి?" అంది. జనం అంతా ఒక మూలకు తిరిగి చూశారు. పాముమంత్రం వేసే తాతగారు అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా పిల్లలు బిక్కమొహాలు వేశారు. అందులో ఒకమ్మాయి, ఆమెది ఆ పక్క ఊరే, దగ్గరికి వెళ్లి, "తాతా, నీ దగ్గరికి వచ్చినవాళ్లను మొదట ఆటో ఎక్కించి, ఆటోలో కూర్చుని మంత్రం వేస్తావా?" అని అడిగింది. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. మంత్రం పనిచేయదని ఆయనకు చెప్పవద్దా అని మా డాక్టరుగారు ఒకరు తరవాత నన్ను అడిగారు. చెప్పాలి. ఆ రాత్రి ఆ అరుగు దగ్గర నలుగురిలో చెప్పివుంటే ఆయనా వినేవాడు కాదు, జనమూ వినేవారు కాదు. ఆ వానాకాలంలో ఆయన ఇద్దరిని వెంటబెట్టుకుని మన క్యాజువాలిటీకి వచ్చాడు. ఇద్దరికీ తాడు లేదు, గాటు లేదు.

వీడియో చూపించి ఊరుకోక పక్కన మనిషి ఉండి మాట్లాడాలన్నది మేము కనిపెట్టింది కాదు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలై, తరవాత సొంత సంస్థగా ఏర్పడిన డిజిటల్ గ్రీన్ వాళ్ల పద్ధతి అదే. ఆ చుట్టుపక్కల రైతులే వీడియోలో కనిపిస్తారు, చిన్న గుంపుకు చూపిస్తారు, మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు. ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో ఈ పద్ధతితో తల్లీపిల్లల ఆహారం మీద పెద్ద పరిశోధన జరిగింది. 2021లో దాని ఫలితాలు వచ్చాయి. పిల్లలు తినే తిండిలో రకాలు పెరిగాయి. కానీ తల్లుల బరువులో, పిల్లలు చిక్కిపోవడంలో మార్పు కనబడలేదు. వీడియో వల్ల అన్నీ మారిపోతాయనుకునే మా పిల్లలకు ఈ రెండో వాక్యం కూడా చదివి వినిపిస్తాను. పళ్లెంలోకి ఆకుకూర రావచ్చు, పని భారమూ కూలి రేటూ వీడియోతో మారవు.

ఫోనులోంచి చెడు ఎంత వేగంగా పాకుతుందో మనకు తెలియనిది కాదు. 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మన రెండు రాష్ట్రాల్లో జరిగింది. అంతకుముందు ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకల్లో మొదలైనప్పుడే ఈ టీకా వేస్తే పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో ప్రచారం సాగింది. మన దగ్గరికి టీకా కంటే ముందు ఆ పుకారు వచ్చింది. మేము వెళ్లిన ఒక బడిలో తల్లిదండ్రులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇళ్లకు తీసుకుపోయారు. అప్పుడు నేను చేసింది ఏమిటంటే, మైకులో ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ ఆగలేదు. ఆ ఊళ్లోనే తట్టు వచ్చి ఒకే వారంలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ముసలమ్మ ఉందని ఆశా కార్యకర్త చెప్పింది. ఆమె రెండు మాటలు చెబితే, అది తల్లుల ఫోన్లలోకి వెళ్తే, నా ఉపన్యాసం అవసరమే ఉండేది కాదు. కానీ మా పిల్లల ఫోన్లు ఆ రోజు కూడా పెట్టెలోనే ఉన్నాయి.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దొంగ వీడియోలు వచ్చి, దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరిగారు పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పులతో పాటలతో ఆ పుకార్లు అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. రెండూ మంచి పనులే. కట్టడి పెట్టడం కంపెనీ పని, ఊరికి వెళ్లి మాట్లాడటం మన పని.

పిల్లలకు ఇంత శక్తి ఉందా అని అనుమానించేవారికి జగిత్యాల జిల్లా లంబాడిపల్లి చూపిస్తాను. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు అక్కడ మై విలేజ్ షో అని మొదలుపెట్టాడు. ఊళ్లో మాట్లాడే మాటే, ఊళ్లో ఉండే మనుషులే. గంగవ్వకు చదువు రాదు, మాటలు చదివి వినిపిస్తే అందుకుని చెబుతుంది. ఆమెను చూడని తెలుగువాళ్లు తక్కువ. మా హాస్టల్ వంటమనిషికి ఆమె చెప్పిన మాటలు వరసగా వచ్చు. నేను చెప్పిన చేతుల శుభ్రత పాఠం మాత్రం ఒక్కటి రాదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు.

ఇక నాకు కష్టంగా ఉన్న మాట ఒకటుంది. పిల్లల ఫోన్ల మీద ఇంత కోపం చూపించే పెద్దలం, మన పని ఎలా ఉంది? ఎవరిదైనా పుట్టినరోజు అంటే వార్డులోకి ఇరవైమంది వస్తారు. రొట్టె, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి, రోగి భుజం పట్టుకుని, ఫొటో బాగా పడేదాకా ఆ పళ్లు ఇద్దరి చేతుల్లోనూ ఉంటాయి. నైటీ సర్దుకోలేని బాలింత తలతిప్పుకుంటుంది. అనుమతి ఎవరు అడిగారు? నిలబడి చూస్తూ నేనూ ఊరుకున్నాను, ఒకసారి కాదు. పళ్లు పంచేవాళ్లను ఆపలేని మనం పద్దెనిమిదేళ్ల విద్యార్థిని ఫోను లాక్కోవడం న్యాయంగా లేదు. ఇప్పుడు వార్డులో ఎవరు ఫొటో తీయాలన్నా ముందు సిస్టర్ ఇన్‌ఛార్జి రోగిని ఒంటరిగా అడగాలి అని నియమం పెట్టాము. వచ్చినవాళ్ల ఎదుట అడిగితే ఎవరూ కాదనరు కదా. దానివల్ల ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

చట్టం కూడా పిల్లలకు నేర్పుతున్నాము. ఎయిడ్స్ నియంత్రణకు 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. లైంగిక దాడికి గురైన బిడ్డను గుర్తుపట్టేలా ఏదీ ప్రచురించకూడదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది, మొహం కనబడకపోయినా ఊరు, బడి కనబడితే చాలు గుర్తుపట్టడానికి. ఇవి చెప్పినప్పుడు పిల్లలు నోట్సు రాసుకున్నారు. కానీ ఆ రైతు, "మావాడి మొహం చూపించకండి" అన్న మాట చెప్పినప్పుడు పెన్నులు ఆగిపోయాయి.

ఆ కొడుక్కి ఇప్పుడు పద్దెనిమిది దాటింది. డిగ్రీలో చేరాడు. కిందటి వానాకాలం ముందు తనే వచ్చి, ఇప్పుడు నేను చెబుతాను సిస్టరమ్మా, మొహంతోనే చెబుతాను అన్నాడు. నాన్నను అడిగావా అన్నాను. అడిగాడట, ఆయన ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడమా కాదా అని నేనూ మా పిల్లలూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాము. ఇంకా తీయలేదు.

ఈలోగా రెండో సంవత్సరం వాళ్లు ఐరన్ మాత్రల మీద ఒకటి మొదలుపెట్టారు. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని భయపడి గర్భిణులు వాటిని బియ్యం డబ్బాలో దాచేస్తుంటారు, ఆ సంగతి మీద. ఏడుగురు తల్లుల్ని అడిగారు. నలుగురు సరేనన్నారు. ఒకామె అత్తగారికి తెలియకూడదంది, కాబట్టి ముగ్గురు. ఫోన్ల పెట్టె స్టోరులోకి వెళ్లింది. దాని అరల్లో మా ఫార్మసిస్టు పాత రసీదులు పెట్టుకుంటున్నాడు.